రైన్ ఒడ్డున కార్తీకం

మా నాయిన ఏ ఊరు వెళ్లినా ముందు చెరువుగట్టు ఎక్కుతాడు. పెళ్లికి వెళ్లినా, చావు పలకరింపుకు వెళ్లినా, బొంతపల్లి వీరభద్రస్వామి జాతరకు వెళ్లినా ఇదే వరస. నీళ్ల రంగు చూస్తాడు. ఒడ్డున మొలిచిన గడ్డి చూస్తాడు. కొంగలు వాలుతున్నాయో లేదో చూస్తాడు. ఆ తర్వాతే ఊళ్లోకి అడుగు పెడతాడు. ఊరి సంగతి ఊరి నీళ్లే చెబుతాయని ఆయన నమ్మకం.

అందుకే స్విట్జర్లాండులో నేనుండే బాసెల్‌కు రమ్మని ఫోన్ చేసినప్పుడు ఆయన విమానం గురించి అడగలేదు, చలి గురించి అడగలేదు.

"ఆడ చెరువున్నదా బిడ్డా?" అన్నాడు.

"చెరువు కాదు నాయినా, నది. ఊరి నడిమి నుంచే పోతది. రైన్ అంటారు."

"మరి మందుల కంపెనీలు?"

"అవీ ఉన్నయి. నది ఒడ్డునే ఉన్నయి."

కాసేపు అటునుంచి మాట లేదు. "కంపెనీల పక్కపొంటి నది ఎట్లుంటదో ఒక్కసారి చూడాలె. వస్త," అన్నాడు.

ఆయన అలా ఎందుకన్నాడో గడ్డపోతారంలో పుట్టినవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. నాయిన చేపల సొసైటీ మనిషి. మా ఊరి చెరువులోనూ పక్కనే ఉన్న కాజీపల్లి చెరువులోనూ విసురువల వేసి మమ్మల్ని సాకాడు. కొర్రమట్టలు, బొచ్చెలు, రవ్వలు, తొలకరి వరదకు ఎదురెక్కే పరిగెలు. ఆ పేర్లన్నీ నేను ఆయన నోటి నుంచి విన్నవే, కళ్లతో చూసింది తక్కువ. నేను బడికి వెళ్లే నాటికే పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం చుట్టూ బల్క్‌డ్రగ్ కంపెనీలు వరసగా లేచాయి. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. బాలానగర్‌లో పెట్టిన కర్మాగారం హైదరాబాదుకు మందుల తయారీ నేర్పింది. 1970 నాటి పేటెంట్ చట్టం ఆ విద్య తెలిసినవాళ్లకు దారి తెరిచింది. పేదవాడు కొనగలిగే ధరలో మందు దొరకడానికి మా ప్రాంతం చేసింది చిన్న సేవ కాదు. ఆ మాట ఎవరి ముందైనా తలెత్తుకుని చెబుతాను.

కానీ మందు తీయగా మిగిలిన నీళ్లు వాగుల్లోకి, చెరువుల్లోకి దిగాయి. ఇసకవాగు, నక్కవాగు మీదుగా మంజీర దాకా పాకాయి. నాకు గుర్తున్న చెరువంటే తెల్లని నురగ, గొంతు పట్టేసే ఘాటు, తెల్లారేసరికి పొట్టలు పైకి తిప్పి తేలిన చేపలు. గొడ్లు ఆ నీళ్లు ముట్టేవి కావు. మళ్లలో వరి ఎర్రబారేది. పటాన్‌చెరులో డాక్టర్ కిషన్‌రావు లాంటి వాళ్లు ఏళ్ల తరబడి ఈ కాలుష్యం మీద పోరాడారు. 1990లో సుప్రీంకోర్టుకు చేరిన కేసు తర్వాత హైకోర్టుకు, అక్కడి నుంచి హరిత ట్రిబ్యునల్‌కు మారి 2017 దాకా నడిచింది. అంటే నేను అక్షరాలు దిద్దడం దగ్గర నుంచి ఉద్యోగంలో కుదురుకునే దాకా ఆ కేసు కాగితాలు తిరుగుతూనే ఉన్నాయి.

చెరువు చచ్చాక నాయిన వలను అటక మీద పెట్టాడు. సింగూరు చేపలు కొనుక్కొచ్చి సంతల్లో అమ్మాడు. కంపెనీలో కూలికి రమ్మని పిలిచినా పోలేదు. ఊరికి మంజీర నీళ్లు వచ్చేదాకా మేం బోరు నీళ్లే తాగాం. నన్ను మాత్రం పట్టుబట్టి ఫార్మసీ చదివించాడు. "మందు తెలిసినోళ్లు మన ఇంట్ల ఒకరుండాలె," అనేవాడు. తను మాత్రం మందుల జోలికి వెళ్లడు. జ్వరం తగిలితే లంకణం, దగ్గు వస్తే మిరియాల కషాయం. ఆయన చేత ఒక గోళీ మింగించడం అమ్మ బతికున్నన్నాళ్లూ ఆమె వల్ల కూడా కాలేదు.

అక్టోబరు నెలాఖరున ఆయన బాసెల్‌లో దిగాడు. ఇక్కడ అప్పటికి ఆకులు రాలే కాలం చివరికి వస్తుంది. పసుపు, ఇటుకరంగు ఆకులు తడిసి రాళ్లు పరిచిన వీధులకు అతుక్కుని ఉంటాయి. పొద్దున్నే నది మీద పొగమంచు, సాయంత్రం ఐదు దాటితే చీకటి. మన దగ్గర కార్తీకం నడుస్తున్న రోజులు. సరిగ్గా అప్పుడే ఈ ఊళ్లో శరత్కాలపు జాతర మొదలవుతుంది. దాని పేరు హెర్బ్‌స్ట్‌మెస్సె. 1471లో చక్రవర్తి మూడో ఫ్రెడరిక్ ఇచ్చిన అనుమతి మీద పుట్టిన సంత ఇది.

జాతర మొదలయ్యే శనివారం నాయినను తీసుకుని సెయింట్ మార్టిన్ చర్చి ముందు నిలబడ్డాను. మధ్యాహ్నం పన్నెండింటికి ఆ చర్చి గంట మోగితేనే జాతర మొదలు. గంట కొట్టినవాడికి కూలి కింద చేతితొడుగుల జత ఇస్తారు. అయితే మొదలు గంటకు ఒక చేతిదే ఇస్తారు. జాతర ముగింపు గంట కూడా కొట్టాక గాని రెండో చేతిది ఇవ్వరు. గంట కొట్టినవాడు పైనుంచి ఆ ఒక్క తొడుగునూ ఊపి చూపిస్తే కింద జనం చప్పట్లు కొట్టారు. సంగతి చెప్పగానే నాయిన ముఖం విప్పారింది.

"సగం పనికి ఒక్క చెయ్యే. మంచి ఇకమతు," అన్నాడు.

పీటర్స్‌ప్లాట్జ్ చెట్ల కింద కుండల సంతలో ఆయన చాలాసేపు తిరిగాడు. ప్రతి గిన్నెనూ వేలితో తట్టి చప్పుడు విన్నాడు. నిప్పుల మీద కాల్చిన చెస్ట్‌నట్ గింజల పొట్లం కొనిస్తే జేబులో పెట్టుకుని చేతులు వెచ్చచేసుకుంటూ నడిచాడు. ఎర్ర ఇసుకరాతి మున్‌స్టర్ చర్చి చూపించాను. 1019లో ప్రతిష్ఠ జరిగిన ఆలయం, 1356 భూకంపంలో కూలితే మళ్లీ కట్టుకున్నారు. మహా పండితుడు ఎరాస్మస్ సమాధి అందులోనే ఉంది. నాయిన లోపల దండం పెట్టుకున్నాడు గాని ఆయన చూపంతా వెనక వాకిలి మీదే ఉంది. ఆ వెనక నదికి ఎత్తున ఫాల్జ్ అనే అరుగు ఉంటుంది. అక్కడ నిలబడితే రైన్ పెద్ద మలుపు తిరుగుతూ కనిపిస్తుంది.

పిట్టగోడ పట్టుకుని ఆయన నీళ్ల రంగు చూశాడు. పచ్చని, లోతున్న నీళ్లు. ఒడ్డు రాళ్లకు పట్టిన నాచు చూశాడు. బాతులు, నీటికాకులు చూశాడు. చాలాసేపటికి, "బతికే ఉన్నది," అన్నాడు.

కిందికి దిగి పడవ ఎక్కాం. బాసెల్‌లో నది దాటించే పడవలకు ఇంజను ఉండదు. ఒడ్డు నుంచి ఒడ్డుకు కట్టిన ఇనుప తాడుకు పడవను వేలాడదీస్తారు. చుక్కాని ఒక వాలుకు తిప్పితే ప్రవాహమే పడవను అవతలికి నెడుతుంది. ఇన్నేళ్లుగా ఆ పడవ ఎక్కుతున్న నాకు తెలియని ఒడుపు నాయిన ఒక్క చూపులో పట్టేశాడు. పడవవాడు చుక్కాని తిప్పే ముందే ఎటు తిప్పాలో నాకు చేత్తో చూపించాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. దిగేటప్పుడు మాత్రం ఒకరి చేయి ఒకరు గట్టిగా పట్టుకుని ఊపారు.

ఎగువన బిర్స్‌ఫెల్డెన్ వైపు నడిస్తే నది ఒడ్డున చిన్న చిన్న చెక్క గదులు కనిపిస్తాయి. ఒక్కో గది ముందు నీళ్ల మీదికి చాచిన దూలం, దానికి నలుచదరపు పెద్ద వల. గిలక తిప్పితే వల నీళ్లలోకి దిగుతుంది, మళ్లీ తిప్పితే లేస్తుంది. నాయిన అక్కడ ఆగిపోయాడు. ఒక పెద్దాయన వల ఎత్తితే అడుగున రెండు వెండిరంగు చేపలు గిలగిలలాడాయి. వాటిని చూస్తున్నప్పుడు నాయిన కళ్లలో మెరిసిన మెరుపు నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు.

"కంపెనీలు ఈడనే ఉన్నయంటివి గద?"

"ఆ కనబడే తెల్లటి మిద్దెలు అవే నాయినా." దిగువన రోష్ కంపెనీ జంట గోపురాలు మబ్బులో సగం మునిగి ఉన్నాయి. 1896 నుంచీ ఆ కంపెనీ ఈ ఊళ్లోనే ఉంది.

"మరి నీళ్లు గిట్ల ఎట్లున్నయి?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నది ఒడ్డున బల్ల మీద కూర్చున్నాం.

ఈ ఊరు మొదటి నుంచీ శుభ్రంగా లేదని చెప్పాను. 1859లో అలెగ్జాండర్ క్లావెల్ అనే పట్టురంగుల వ్యాపారి ఇక్కడ ఫుక్సిన్ అనే ఎర్రరంగు తయారీ మొదలుపెట్టాడు. ఆ రంగుల కర్మాగారాల నుంచే తర్వాత మందుల కంపెనీలు ఎదిగాయి. 1860లలో ఒక రంగుల కర్మాగారం పక్కన బావుల్లోకి ఆర్సెనిక్ దిగి, ఆ నీళ్లు తాగినవాళ్లు జబ్బుపడ్డారు. కోర్టు యజమానిది తప్పని తేల్చింది. ఆ తర్వాత కూడా నూరేళ్లకు పైగా కంపెనీల మురుగంతా రైన్‌లోకే పోయింది.

ఇక 1986 నవంబరు 1. అర్ధరాత్రి దాటాక ఊరికి ఎగువన ష్వైట్జర్‌హాలెలో సాండోజ్ కంపెనీ గోదాముకు నిప్పంటుకుంది. లోపల దాదాపు 1,350 టన్నుల రసాయనాలున్నాయి. అందులో ఎక్కువ భాగం పురుగుమందులు. తెల్లవారకముందే సైరన్లు మోగాయి. కిటికీలు మూసుకుని ఇళ్లలోనే ఉండమని రేడియోలో చెప్పారు. ఊరంతా కుళ్లిన గుడ్ల కంపు. మంటలార్పడానికి కొట్టిన నీళ్లు విషాన్ని, దానితో పాటు ఎర్రరంగును మోసుకుని నదిలో కలిశాయి. తెల్లారి చూస్తే రైన్ ఎర్రగా పారుతోంది. పాముల్లా ఉండే మలుగు చేపలు లక్షన్నర దాకా చచ్చాయి. దిగువన నాలుగు వందల కిలోమీటర్ల దాకా ఆ చేప జాతే తుడిచిపెట్టుకుపోయింది.

నాయిన తల వంచుకుని విన్నాడు. "ఆ చేపలు పట్టేటోళ్లు ఏమైండ్రు?" అని మాత్రం అడిగాడు.

జనం వీధుల్లోకి వచ్చారని చెప్పాను. దిగువన జర్మనీ ఉంది, నెదర్లాండ్స్ ఉంది. ఆ ఊళ్లు ఈ నది నీళ్లే తాగుతాయి. వాళ్లు ఊరుకోలేదు. రైన్ పారే దేశాల మంత్రులు కూర్చున్నారు. 1987లో నదిని బతికించే కార్యక్రమం రాసుకున్నారు. 2000 నాటికి సాల్మన్ చేప నదిలోకి తిరిగి రావాలని గురి పెట్టుకున్నారు. అగ్నిప్రమాదం జరిగినా ఆ నీళ్లు నదిలోకి పోకుండా కంపెనీల్లో పెద్ద తొట్లు కట్టించారు. మురుగు శుద్ధి చేయకుండా చుక్క వదలకూడదన్నారు. బాసెల్ దాటగానే వైల్ అనే జర్మన్ ఊరి దగ్గర పరీక్షా కేంద్రం పెట్టారు. స్విస్ వాళ్లూ జర్మన్లూ కలిసి దాన్ని నడుపుతారు. నదికి అడ్డంగా పలుచోట్ల నీళ్లు తోడి రోజూ పరీక్షిస్తారు. తేడా కనిపిస్తే దిగువ ఊళ్లకు కబురు వెళుతుంది. సాల్మన్ చేప ఎగువ దాకా పూర్తిగా రావడానికి ఫ్రాన్సు వైపు ఆనకట్టలు ఇంకా అడ్డుగానే ఉన్నాయి, కానీ దిగువ ఉపనదుల్లో అది మళ్లీ గుడ్లు పెడుతోంది. ఈ ఊరి కొళాయిలో వచ్చే నీళ్లలో కొంత భాగం ఈ నదివే. లాంగె ఎర్లెన్ అనే అడవి నేలలోకి ఇంకించి, వడగట్టి తోడుకుంటారు.

పక్కనే వీధి ఫౌంటెన్ ఉంది. నాయిన లేచి దోసిలి పట్టి తాగాడు. తుండుతో మూతి తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు.

"కింది ఊరోడు గట్టిగ అడిగితేనే పై ఊరోడు సక్కగుంటడు బిడ్డా. మన కింద ఊళ్లు కూడ అడిగినయి. వాళ్ల మాట ఇనేటోడు లేకపాయె."

అప్పుడు నేను చదువుకునే రోజుల్లో తెలుసుకున్న సంగతి ఆయనకు చెప్పాను. మన నీళ్లనూ తోడి చూసినవాళ్లున్నారు, వాళ్లు స్వీడన్ శాస్త్రవేత్తలు. పటాన్‌చెరులో దాదాపు తొంభై మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికి వస్తున్న నీళ్లను జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరు నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. అది శుద్ధి చేసిన తర్వాతి లెక్క. ఆ ఒక్క ప్లాంటు నుంచి రోజుకు పోతున్న సిప్రో దాదాపు 45 కిలోలు. తొంభై లక్షల మంది ఉన్న స్వీడన్ దేశమంతా ఐదు రోజుల పాటు మింగేంత మందు. ఆ తర్వాత 2009లో వచ్చిన మరో అధ్యయనంలో మా ప్రాంతపు చెరువుల్లో లీటరుకు ఆరున్నర మిల్లీగ్రాముల దాకా అదే మందు తేలింది. చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోనూ మందుల జాడలు దొరికాయి. 2014లో కాజీపల్లి చెరువు నీళ్లలోని సూక్ష్మజీవుల జన్యువులు చదివి చూస్తే, మందులకు లొంగని గుణం స్వీడన్ చెరువులో కన్నా వేల రెట్లు ఎక్కువగా కనిపించింది.

"మందు నీళ్లల్ల ఉంటే మంచిదే గద, రోగం రాదని అనుకునేటోళ్లు మనూళ్లె," అన్నాడు నాయిన.

"కాదు నాయినా. పురుగును చంపేంత మందు రోగి ఒంట్లో కొన్నాళ్లే ఉండాలె. చెరువులో అది ఏళ్ల తరబడి ఉంటే, చావాల్సిన పురుగులు చచ్చి, చావనివి మిగులుతయి. మిగిలినవి పిల్లలు పెడతయి. ఆ గుణాన్ని పక్క పురుగులకు కూడా ఇస్తయి. రేపు నిజంగా జబ్బు చేసినోడికి ఆ మందు వేస్తే పని చేయదు."

ఆయన నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మందు చేసుడు సగం పని. నీళ్లు కడుగుడు తక్కిన సగం. మనకాడ సగం పనికే రెండు చేతుల తొడుగులు ఇచ్చిండ్రు బిడ్డా."

ఇది నేనూ నమ్మే మాటే. మా ఊరి చుట్టూ ఇప్పుడు చాలా కంపెనీలు మురుగును ఆవిరి చేసి, చుక్క బయటికి వదలని యంత్రాలు పెట్టాయి. రూల్సు గట్టిపడ్డాయి. అయినా వానలు దిగాక ఏదో ఒక చెరువులో చేపలు తేలిన వార్త వస్తూనే ఉంది. ఎక్కువ ధర పెట్టి కొనే దేశాలు మాత్ర స్వచ్ఛంగా ఉందా అని గింజ గింజా పరీక్షిస్తాయి. ఆ మాత్ర పుట్టిన చోట చెరువు ఎలా ఉందని అడగడం ఈ మధ్యనే మొదలుపెట్టాయి. రైన్‌ను బతికించిన పట్టుదలలో సగం మంజీర మీద పెట్టినా మా చెరువులు బతుకుతాయి. బాసెల్ చేయగలిగిన పని గడ్డపోతారం చేయలేనిది కాదు.

కార్తీక పౌర్ణమి వచ్చింది. నదీస్నానం చేయాలని నాయిన పట్టుబట్టాడు. మన దగ్గర చెరువులో కార్తీకస్నానం మానేసి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తు లేదు. నీళ్లు గడ్డకట్టేంత చల్లగా ఉన్నాయని ఎంత చెప్పినా వినలేదు. తెల్లవారుజామున మెట్లు దిగి మోకాళ్ల లోతు దాకా వెళ్లాడు. మూడు దోసిళ్లు నెత్తిన పోసుకున్నాడు. తూర్పుకు తిరిగి దండం పెట్టుకున్నాడు. నేను ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. బయటికి వచ్చాక వణుకుతూనే నవ్వాడు. "మీ అమ్మ ఉంటే ఈడనే దీపం ఇడిసేది," అన్నాడు.

రెండు మూడు రోజులకు జ్వరం తగిలింది. నడుము నొప్పి, మూత్రంలో మంట. లంకణం ఉంటానన్నాడు. ఉండనిచ్చాను, తగ్గలేదు. నదిలో దిగినందుకే అయిందని నాలో నేను నలిగిపోయాను. ఎంత శుభ్రం చేసినా నది నదే కదా, ఎగువ నుంచి ఎన్ని ఊళ్ల నీళ్లు వస్తాయో అనుకున్నాను. బతిమాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మూత్రం పరీక్షకు పంపి, ఫలితం వచ్చేలోపు వాడమని మాత్రలు రాశాడు. అవి సిప్రోఫ్లాక్సాసినే. నాయిన ఆ మాత్రను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నీ కోసం మింగుతున్న," అని నోట్లో వేసుకున్నాడు.

జ్వరం దిగలేదు, పెరిగింది. ఆ రాత్రి పళ్లు కొరుకుతూ వణికిపోయాడు. అంబులెన్సులో ఆస్పత్రికి తీసుకెళ్లాం. చేతికి సెలైన్ పెట్టారు. మర్నాటికి పరీక్ష ఫలితం వచ్చింది. అది రాగానే ఆయన మంచాన్ని వార్డులో నుంచి ఒంటరి గదిలోకి మార్చారు. తలుపు మీద కాగితం అంటించారు. లోపలికి వచ్చే ప్రతి నర్సూ పసుపు గౌను తొడుక్కుని, చేతులకు తొడుగులు వేసుకుని వస్తోంది, పోయేటప్పుడు అవన్నీ గది గుమ్మంలోనే విప్పి పారేస్తోంది. నాకూ అదే గౌను ఇచ్చారు.

"నేనేం తప్పు జేసిన బిడ్డా, నన్ను గిట్ల ఎలేసిండ్రు?" అన్నాడు నాయిన.

"తప్పు కాదు నాయినా. నీ ఒంట్లో ఉన్న పురుగు వేరేవాళ్లకు అంటొద్దని." ఆ మాట చెబుతుంటే నా గొంతు నాకే వినపడలేదు.

మధ్యాహ్నం పెద్ద డాక్టరమ్మ వచ్చింది. నెమ్మదైన మనిషి. నాయిన మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని విడమరిచి చెప్పింది. ఇది ఇ. కోలి అనే పేగుల్లో ఉండే బ్యాక్టీరియా. సిప్రోకు లొంగదు, మామూలుగా వాడే మరికొన్ని మందులకూ లొంగదు. అందుకే మాత్ర పని చేయలేదు. చివరి వరసలో దాచుకునే మందు సూది ద్వారా మొదలుపెట్టాం, దానికి లొంగుతుంది, భయపడొద్దు అంది.

నా మనసులో గుచ్చుతున్న ప్రశ్న అడిగేశాను. "నదిలో దిగాడు. దానివల్లా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "అలా అనిపించడం లేదు. ఈ రకం ఆయన పేగుల్లో ముందు నుంచే ఉండి ఉండాలి. మీ దేశం నుంచి వచ్చేవాళ్లలో మేం తరచుగా చూస్తున్నాం. అసలు ఎక్కడ సోకిందో కచ్చితంగా తేల్చడం ఎవరివల్లా కాదు. తిండి, నీళ్లు, ఆస్పత్రులు, పక్క మనుషులు, ఎటు నుంచైనా రావచ్చు. యాంటీబయాటిక్స్ ఇష్టానికి వాడినవాళ్లలో మాత్రం ఎక్కువగా కనిపిస్తుంది."

కాగితాల అట్ట తీసి కలం విప్పింది. నా వైపు కాదు, నాయిన వైపే చూస్తూ అడిగింది. ఇంతకు ముందు ఈ సిప్రో ఎన్నిసార్లు వాడారు? ఎంతెంత కాలం వాడారు? డాక్టరు రాయకుండానే దుకాణంలో కొనుక్కుని మింగే అలవాటు ఉందా? రాసిన మందు మధ్యలో ఆపేశారా?

నేను ఒక్కో ప్రశ్నా తెలుగులో అడిగాను. నాయిన అన్నీ ఓపిగ్గా విన్నాడు. సూది గుచ్చిన చేతిని జాగ్రత్తగా దుప్పటి మీద పెట్టి, కొంచెం పైకి లేచి, డాక్టరమ్మ కళ్లలోకి చూస్తూ చెప్పాడు.

"మొన్నటి దాంక ఒక్క గోళీ మింగలేదు తల్లీ. మా చెరువు మింగింది. మేం చెరువును తాగినం."